నత్తివాళ్ళ సభకు బరంపురంలో బస

మా గుంపులో ముప్ఫై మందికి కాస్త తక్కువగా ఉంటాం. అందరికీ నత్తి. ఐదారేళ్ళుగా ఫోన్లో రోజూ రాసుకుంటున్నాం గాని ఒకరి గొంతు ఒకరం వినలేదు. ఈ పద్ధతి అందరికీ సుఖంగానే ఉండేది. రాతలో మా వాళ్ళందరికీ వాగ్ధాటి ఎక్కువ. గుత్తి వంకాయలో వెల్లుల్లి వెయ్యొచ్చా లేదా అని రోజుల తరబడి పోట్లాడుకున్న చరిత్ర మాకుంది.

కిందటేడు విశాఖపట్నంలో కలుసుకుందామనుకున్నాం. తేదీ కుదిరింది. హోటలు కుదిరింది. ఎవరో ఒకరు ఆ హోటలుకు ఫోన్ చేసి గదులు అడగాలి, అంతే మిగిలింది. ఎవరో ఒకరు చేస్తారని అందరూ ఎదురుచూశారు. తేదీ వచ్చింది, వెళ్ళిపోయింది. ఆ రోజు గుంపులో అందరం మర్యాదగా ఎండల గురించి రాసుకున్నాం.

ఈ ఏడాది మూర్తిగారు తెగించారు. గుంపు పెట్టింది ఆయనే. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. "ఈసారి కూడా కలవకపోతే గుంపు మూసేస్తాను. టైపు కొట్టుకుంటూ పోవాలని నాకు లేదు" అని రాశారు. ఆయన అన్నంత పనీ చేస్తారు. ఆ గుంపు లేకపోతే నాకు సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలియదు. చాలామందికి అంతేననుకుంటాను, ఎందుకంటే ఆ పూటకే ఊరు ఎంచుకోవడం మొదలైంది. ఖరగ్‌పూర్, భువనేశ్వర్, రాయగడ, శ్రీకాకుళం, విశాఖ, హైదరాబాదు, అన్నీ లెక్క వేస్తే అందరికీ సమానంగా అసౌకర్యమైన చోటు బరంపురం అని తేలింది.

మళ్ళీ ఫోన్ సంగతి వచ్చింది. ఫోన్ చెయ్యడం కంటే మనిషి వెళ్ళిరావడం తేలిక అని ఎవరో రాశారు. ఎదురుగా ఉంటే వేలు పెట్టి చూపించొచ్చు, కాగితం మీద రాసివ్వొచ్చు, మరీ కాకపోతే ఏడవొచ్చు. ఆ మాట బాగుందని నేను కింద బొటనవేలి బొమ్మ పెట్టాను. నేను వెళ్తానని గుంపు అర్థం చేసుకుంది. కాదని రాసేలోగా అభినందనలు వచ్చేశాయి.

నా పేరు పద్మజ. విశాఖలో ఓడల గొట్టాలకు నక్షాలు గీసే ఆఫీసులో పనిచేస్తాను. నాది మాట మళ్ళీ మళ్ళీ తిరిగే నత్తి కాదు, మాట ఆగిపోయే నత్తి. నోరు తెరిచే ఉంటుంది, మాట లోపల సిద్ధంగా ఉంటుంది, గాలి కూడా బయటికి రాదు. చూసేవాళ్ళకు నేనేదో మరిచిపోయినట్టు కనిపిస్తుంది. ముఖ్యంగా 'ప' దగ్గర. మా నాన్నగారు ఏరికోరి నాకు పద్మజ అని పెట్టారు.

బరంపురం స్టేషను

సాయానికి మా గుంపులోని ఒక స్థానికుడు వస్తానన్నాడు. పేరు ఢిల్లేశ్వరరావు, మేమంతా ఢిల్లీ అంటాం. గంజాం జిల్లా దక్షిణపు కొసన, ఆంధ్రా సరిహద్దు పక్కన ఉన్న పాత్రపూర్‌లో ఎరువుల దుకాణం నడుపుతాడు. గుంపులో అందరికంటే బాగా రాసేది అతనే. యూరియా బస్తా కోసం ఇద్దరు అన్నదమ్ములు తన కొట్లో కొట్టుకున్న సంగతి అతను రాస్తే నేను ఆఫీసులో నవ్వు ఆపుకోలేక కిందపడ్డ రబ్బరు వెతుకుతున్నట్టు బల్ల కిందికి దూరాల్సివచ్చింది.

ప్లాట్‌ఫారం మీద ముప్ఫై దాటిన సన్నటి మనిషి ఫోను గుండెల దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. దాని మీద పెద్ద అక్షరాలతో 'పద్మక్కా, నేనే' అని ఉంది. నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. నా ఫోను మోగింది. చూస్తే అతనే: 'టిఫిను తిందురా?'

చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉన్నాడు. 'తిందాం' అని పంపాను. ఈ ఏర్పాటు మా ఇద్దరికీ సహజంగానే తోచింది.

స్టేషను బయట బండి దగ్గర ఇడ్లీ మీద వేడివేడి బఠాణీల కూర గరిటెతో గుమ్మరించి ఇస్తున్నారు. దాన్ని ఘుగుని అంటారు. ఇడ్లీ, ఉప్మా, వడ, ఏది అడిగినా దాని మీద ఘుగుని పడుతుంది. మా ఊళ్ళో ఇడ్లీకి చట్నీ పక్కన ఉంటుంది, ముంచుకోవడం మానుకోవడం తినేవాడి ఇష్టం. ఇక్కడ ఆ స్వేచ్ఛ లేదు. ఇరవై రూపాయలకు కడుపు నిండింది. రెండోసారి కూర వెయ్యమని నేను గరిటె వైపు చూశాను, అడగకుండానే వేశాడు. ఆ క్షణం నుంచి ఊరు నచ్చింది.

నచ్చనిది ఒకటే జరిగింది. ఢిల్లీ ఆ బండి అతనితో మాట్లాడాడు. ఒడియాలో, గుక్క తిప్పుకోకుండా. ఏదో హాస్యం ఆడాడు, బండి అతను గరిటె పక్కన పెట్టి మరీ నవ్వాడు. తర్వాత పక్కనున్న ఆటోవాళ్ళతో మాట్లాడాడు, పేపర్లు అమ్మే ఆయనతో మాట్లాడాడు. ఒక్క అక్షరం దగ్గర ఆగలేదు. నేను ఇడ్లీ తింటూ అతని పెదవులు చూస్తూ ఉండిపోయాను. నత్తివాళ్ళకు ఈ చూపు అలవాటే. ఎక్కడ తడబడతాడో మాకు ముందే తెలిసిపోతుంది. అతను ఎక్కడా తడబడలేదు.

'ఒడియా బాగా వచ్చే' అని రాశాను.

'బళ్ళో సదివిందదే గదా అక్కా' అని వచ్చింది.

ఆ పూట రెండు మూడు లాడ్జీలు తిరిగాం. ఊరు కిక్కిరిసి ఉంటుంది. పట్టుచీరల కొట్లు, పచ్చళ్ళ కొట్లు, అప్పడాల కొట్లు ఒకదాని భుజం మీద ఒకటి. బోర్డుల మీద ఒడియా అక్షరం ప్రతిదీ గొడుగు వేసుకుని నిలబడ్డట్టుంటుంది. కొట్లలో సగం మంది తెలుగు మాట్లాడతారు, మిగతా సగం అర్థం చేసుకుంటారు. నేను రాత్రికి దిగిన లాడ్జిలో గుమస్తా తెలుగువాడే.

"పేరేటండి?" అన్నాడు.

నా నోరు తెరుచుకుని ఆగింది. గుమస్తా పెన్ను కూడా ఆగింది. అతను నా మొహం, పక్కన ఢిల్లీ మొహం మార్చి మార్చి చూశాడు. పేరు అడిగితే ఆలోచించే ఆడమనిషిని అతను నమ్మలేదు. చివరికి గుర్తింపు కార్డు బల్ల మీద పెడితే, ఫొటోలో ఉన్నది నేనేనా కాదా అని వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసుకున్నాడు.

వచ్చే నెల ఇరవై మందికి గదులు కావాలన్న సంగతి ఢిల్లీ ఒడియాలో చెప్పాడు. గుమస్తా నాకేసి తిరిగి తెలుగులో అన్నాడు: "ఇరవై మంది వస్తారు. ఒకలికొకలు తెలీదు. ఎప్పుడూ సూసుకోనేదు. ఏ ఊరోళ్ళంటే అన్ని ఊర్లోళ్ళూనంట. మేడమ్, రేపు పోలీసోళ్ళొస్తే నాను ఏటి సెప్పాల?"

అతని ప్రశ్నలో న్యాయం ఉంది. మా గుంపు గురించి నేనెప్పుడూ అలా ఆలోచించలేదు.

గోపాల్‌పూర్ అనుకున్న చోటు

ఢిల్లీ సాయంత్రం బస్సుకు ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు బండి మీద నేరుగా గోపాల్‌పూర్ వస్తానని, సముద్రం ఒడ్డు హోటలు చూద్దామని రాశాడు. నేను పొద్దున్నే ఆటో ఎక్కాను.

"గో" అన్నాను. అక్కడ ఆగింది.

"గోసానినువాగాం?" అన్నాడు ఆటో అతను.

ఇక్కడ నత్తి లేనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మాట మధ్యలో ఇరుక్కున్నప్పుడు ఎదుటివాళ్ళు ఏ మాట అందించినా అది తేలుతున్న దుంగలా కనబడుతుంది. ముందు పట్టుకుంటాం, తర్వాత చూసుకుంటాం. నేను తల ఊపేశాను. ఇలాగే నేను పెసరట్టు అడగబోయి పెరుగన్నం తిన్నాను, కాకినాడకు టికెట్ అడగబోయి కాశీబుగ్గలో దిగాను. ఏదీ అంత నష్టం కాలేదు.

ఆటో సముద్రం వైపు వెళ్ళలేదు. ఊళ్ళోనే తిరిగి తిరిగి ఒక పేటలో ఆపింది. దిగేదాకా నాకు అనుమానం రాలేదు, సముద్రం ఇళ్ళ వెనక ఉందేమో అనుకున్నాను. ఆటో వెళ్ళిపోయాక ఎదురుగా ఒక మేడ మీద తెలుగు అక్షరాలు కనబడ్డాయి. కల్యాణ మండపం. రైల్వేలోను మిల్లుల్లోను పనిచెయ్యడానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు కట్టుకున్నదని తర్వాత తెలిసింది. గేటు దగ్గర కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు అప్పలస్వామి. రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి దిగిపోయి, ఇప్పుడు ఆ మండపం బాగోగులు చూస్తున్నాడు. జీవితమంతా రైలు చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని ఉండటం వల్ల కాబోలు, మనిషి కనబడితే వదలడు.

"రా అమ్మా, రా. పెళ్ళా? పిల్లదా, పిల్లడా? ఏ నెల్లో? మూర్తం పెట్టేసినారా? పైన పది గదులు, కింద హాలు. వంటోళ్ళు మనోళ్ళే. కూకో ముందు."

నేను మా అవసరమంతా ఫోన్లో ముందే రాసి పెట్టుకున్నాను. ఫోను చాపాను.

"అద్దాలు ఇంటికాడ ఒగ్గేసినాను," అన్నాడు. "సదివి ఇనిపించు."

నేను ఫోను వంక చూశాను. మొదటి మాట 'పరిచయం' అని ఉంది. రాసింది నేనే.

"మళ్ళీ వస్తాను" అన్నాను. అది ఒక్కటే వచ్చింది.

"మళ్ళీ ఎందుకు, ఇప్పుడే సెప్పు. ఏటమ్మా ఎల్లిపోతన్నావు? అలిగినావేటి?" అంటూనే ఉన్నాడు నేను సందు మలుపు తిరిగేదాకా.

గోపాల్‌పూర్

రెండో ఆటోకి కాగితం మీద రాసి చూపించాను. అతను చదివి, "గోపాల్‌పూర్! నోటితో చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు.

సముద్రం మా విశాఖలో ఉన్నదే, కాని ఇక్కడ ఇసుక వెడల్పు, జనం తక్కువ. లైట్‌హౌసు కింద వలలు బాగుచేసుకునేవాళ్ళు తెలుగులోనే తిట్టుకుంటున్నారు. వినడానికి హాయిగా అనిపించింది. ఢిల్లీ హోటలు గేటు దగ్గర నా కోసం చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు. గోసానినువాగాం సంగతి రాసి చూపిస్తే శబ్దం లేకుండా, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

హోటలు మేనేజరు చాలా మంచివాడు. ఆయన మంచితనం దగ్గరే తేడా వచ్చింది. నాకు నత్తి అని, వచ్చేవాళ్ళందరికీ నత్తేనని ఢిల్లీ చెప్పగానే ఆయన ముఖం మెత్తబడింది. నాతో గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, హిందీలో మాట్లాడటం మొదలుపెట్టాడు. అందరికీ కింది అంతస్తులోనే గదులు ఇస్తానన్నాడు. మెట్లు ఎక్కనవసరం లేదన్నాడు. చక్రాల కుర్చీ ఒకటి ఉందని, కావాలంటే ఇంకోటి తెప్పిస్తానని అన్నాడు. వద్దని చెప్పడానికి నాకు కొంచెం సమయం పట్టింది. ఆ సమయాన్ని కూడా ఆయన జాలిగా చూశాడు.

తర్వాత లోపలికి వెళ్ళి యజమానితో ఫోన్లో మాట్లాడి వచ్చాడు. ఇంతమంది వస్తున్నారు కాబట్టి బాధ్యత తీసుకునే మనిషి పేరు కావాలట.

"నేనే" అన్నాను. అది బాగానే వచ్చింది.

"మీరు కాదు మేడమ్," అన్నాడు ఎంతో గౌరవంగా. "మాట్లాడగలిగినవాళ్ళు ఎవరైనా."

అని ఢిల్లీ వైపు తిరిగాడు. ఢిల్లీ ఒడియాలో ఏదో అన్నాడు. మేనేజరు తృప్తిగా తల పంకించి, అతని పేరు రాసుకుని, గదులు చూపించడానికి అతన్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాడు. నేను అక్కడే కూర్చున్నాను. ఎవరో నాకు మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చి, పట్టుకోగలనో లేదో అన్నట్టు కాసేపు గ్లాసు వదల్లేదు.

బయటికొచ్చి ఇసుకలో కూర్చున్నాక అడిగాను, ఫోన్లోనే. 'ఆయనతో ఏమన్నావు?'

'నేను మీ మనిషినని. మీకు సాయంగా వచ్చానని. ఆయన అలా అనుకున్నాడు, నేను కాదనలేదు.'

'నువ్వు మాలో ఒకడివని చెప్పలేదా?'

అతను సముద్రం చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇలాంటి గుంపుల్లో సరదాకి చేరేవాళ్ళుంటారు. మా బాధలు చదువుకుని ఎక్కడో చెప్పుకునేవాళ్ళుంటారు. ఇతని రాతలకు ఇన్నేళ్ళు నవ్వాను, ఇతనికి నా కథంతా రాశాను. రాయకూడదనుకుంటూనే రాసేశాను: 'ఢిల్లీ, నీకు నిజంగా నత్తి ఉందా?'

ఫోను మీద అతను రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. పక్కనే కూర్చుని వేళ్ళు ఆడిస్తున్నాడు, చెరిపేస్తున్నాడు. చివరికి వచ్చింది.

'ఒడియాలో నేదు.'

నేను నమ్మలేదు. ఒక భాషలో తెరిచి ఇంకో భాషలో మూసెయ్యడానికి నత్తేమైనా దుకాణమా? ఆ హోటలు వద్దని రాశాను. గోసానినువాగాంలో తెలుగువాళ్ళ మండపం ఒకటి ఉందని, అక్కడికి వెళ్దామని రాశాను. తెలుగువాళ్ళ అన్న మాట చదివి అతను చాలాసేపు లేవలేదు. తర్వాత లేచి బండి తీశాడు.

మళ్ళీ గోసానినువాగాం

అప్పలస్వామి అదే కుర్చీలో ఉన్నాడు. అద్దాలు ఇంకా ఇంటి దగ్గరే ఉన్నాయి.

ఢిల్లీ ముందుకొచ్చి ఒడియాలో మొదలుపెట్టాడు. నీళ్ళు పారినట్టే. అప్పలస్వామి కళ్ళు చిట్లించి విని చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బాబూ. నీ మాటలో తెలుగు తగుల్తంది. మనోడివే గదేటి నువ్వు! మనలో మనకి ఒడియా ఏటి? ఏ ఊరు? ఎవరి తాలూకు? మీ నాన్న పేరేటి? తెలుగులో సెప్పు."

ఢిల్లీ నోరు తెరిచాడు. "న" అన్నాడు. అంతే, ఆగింది.

అతని మెడ నరాలు లేచాయి. కుడిచెయ్యి బండి హ్యాండిల్‌ను పట్టుకుని బిగిసిపోయింది. కళ్ళు మూతపడ్డాయి. నేను అలా ఇరుక్కున్నప్పుడు ఎలా ఉంటానో ఎప్పుడూ అద్దంలో చూసుకోలేదు. అతన్ని చూశాక చూడనవసరం లేకపోయింది. నాది అతని నత్తి ముందు ఒక దగ్గు లాంటిది.

"నారాయణా?" అన్నాడు అప్పలస్వామి సాయంగా. "నాగయ్యా? నాయుడా? నందయ్యా?"

ఢిల్లీ ఒక్కో పేరుకీ తల అడ్డంగా ఊపుతున్నాడు. ఊపిన ప్రతిసారీ మాట మళ్ళీ మొదటికి వెళ్తోంది.

"ఆగండి" అన్నాను.

నా గొంతు పెద్దగా వచ్చింది. అప్పలస్వామి తిరిగి చూశాడు.

"అతన్ని... చెప్పనివ్వండి. మీరేమీ అందించకండి. చెప్తాడు."

నలభై దాటిన నా జీవితంలో ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. నా కోసం అసలే అనలేదు. అప్పలస్వామికి మాట్లాడకుండా ఉండటం శరీరానికి పడదని అప్పుడే చూశాను. పెదవులు బిగబట్టుకున్నాడు. కుర్చీ చేతులు పట్టుకున్నాడు. రెండుసార్లు నోటిదాకా వచ్చిన పేర్లు మింగాడు. రోడ్డు మీద ఎవరో పలకరిస్తే, వాళ్ళను కూడా చేత్తో వెళ్ళిపొమ్మన్నాడు.

"నరసింహులు," అన్నాడు ఢిల్లీ. "మా నాన్న పేరు నరసింహులు. పాత్రపూర్."

అప్పలస్వామి ఊపిరి వదిలాడు. కాసేపు ఆలోచించాడు.

"నరసింహులా," అన్నాడు. "నాకు తెల్దు."

ముందు ఢిల్లీ నవ్వాడు. తర్వాత నాకు ఆగలేదు. ముసలాయనకు అర్థం కాకపోయినా మాతో కలిశాడు. నవ్వు తగ్గాక నేను చెప్పుకొచ్చాను, ఆగుతూ, ఆగిన చోట ఆగుతూ. మేమెవరమో, ఎందుకు కలుస్తున్నామో, ఎంతమందిమో. ఆయన మధ్యలో ఒక్క మాట అందించలేదు. కొత్తగా నేర్చుకున్న పని కదా, శ్రద్ధగా చేస్తున్నాడు.

"అందరికీ ఇలగేనా?" అన్నాడు.

"అందరికీ."

"ఎన్ని రోజులకి కావాలన్నారు?"

"రెండు."

"మీకు రెండు రోజులు సాలవమ్మా," అన్నాడు చాలా గంభీరంగా. "మూడో రోజు కూడా రాసుకుంటాను. దానికి కిరాయి ఒద్దులే."

నాకు జీవితంలో ఎవరూ ఇంత సూటిగా సమయం ఇవ్వలేదు. గదులు చూశాం. ఆడవాళ్ళకు పైన గదులు, మగవాళ్ళకు వెనక రెండు పెద్ద గదులు, పరుపులు సుమారుగా శుభ్రం. ఒకే ఒక్క పేచీ వచ్చింది.

"మైకు కిరాయిలోనే కలిసుంటాది," అన్నాడు.

"మైకు మాకు అక్కర్లేదండి."

"సంఘం అంటన్నారు, మైకు నేకుండా సంఘమేటి? నాను పెట్టేస్తాను. అలగ ఉంటాది. మాటాడితే మాటాడండి, నేకపోతే ఒగ్గేయండి."

ఒప్పుకున్నాం.

బయట టీ తాగుతూ ఢిల్లీ రాశాడు, ఈసారి చెరపకుండా. చిన్నప్పుడు బళ్ళో ఒడియా మాట్లాడుతూ ఆగిపోతే, తెలుగువాళ్ళ పిల్లడు, భాష ఇంకా రాలేదు పాపం అని అందరూ ఓపిగ్గా ఆగేవాళ్ళట. అలా ఆగగా ఆగగా ఒడియా సాఫీగా వచ్చేసింది. ఇంట్లో, వీధిలో తెలుగులో ఆగిపోతే మాత్రం నవ్వేవాళ్ళు, లేదా మాట లాక్కునేవాళ్ళు. 'సభకొచ్చి తెలుగులో మాటాడాలంటే భయం అక్కా. నా రాతలు సదివినోళ్ళు నా మాట ఇంటే ఏటనుకుంటారో అని. గోపాల్‌పూర్ హోటలైతే నాను సాయం మనిషిలాగ బయటే తిరగొచ్చు అనుకున్నాను.'

ఇసుకలో అడిగిన ప్రశ్నకు క్షమించమని రాశాను. 'అడగాల్సిందే గదా' అని రాశాడు.

ఇదంతా రాసుకుంటానంటే అతను ఒప్పుకున్నాడు. ముందు ఒడియాలో ఒప్పుకున్నాడు. నాకు రాదు కాబట్టి తర్వాత తల ఊపాడు.

పాత్రపూర్

మండపం ఫొటోలు గుంపులో పెట్టాను. మూడో రోజు కిరాయి సంగతి, మైకు సంగతి కూడా రాశాను. మైకు అన్నాక గుంపులో మళ్ళీ ఎండల గురించి రాతలు మొదలయ్యాయి. తెల్లారి పాత్రపూర్ బస్సులో ఉండగా మూర్తిగారి దగ్గర్నుంచి ఒక సందేశం వచ్చింది. రాత కాదు, గొంతు. గుంపు పెట్టినప్పటి నుంచి అందులో ఎవరూ గొంతు పెట్టలేదు. ఫోను చెవికి ఆనించుకుని విన్నాను. చాలాసేపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, దూరంగా కుక్కరు కూత, మళ్ళీ ఫ్యాను. చిట్టచివర సన్నటి, ఆడపిల్లలాంటి గొంతు: "మంచిది." ఇన్నాళ్ళూ ఆయన్ని గంభీరమైన గొంతుతో చదువుకున్నాను. ఆ పూట ఒక్కొక్కరుగా వస్తామని పేర్లు ఇవ్వడం మొదలుపెట్టారు.

పాత్రపూర్ నా దారి కాదు. భోజనం చేసి వెళ్ళమని ఢిల్లీ అమ్మగారు కబురు పెడితే వెళ్ళాను. బస్సు కిటికీ లోంచి రెండు వైపులా వరిపొలాలు, మధ్యలో రాగి చేలు, దూరంగా కొండలు. సరిహద్దు ఎక్కడో తెలియదు. బోర్డుల మీద లిపి మారుతుంది, గట్ల మీద తిట్లు మారవు.

ఆవిడ పేరు సీతమ్మ. ఇచ్ఛాపురం దగ్గర పుట్టి ఈ ఊరికి కోడలుగా వచ్చింది. భర్త ఆ వేళ కొట్లో ఉన్నారు. నన్ను చూడగానే, "మా వోడు ఫోన్లో నొక్కుతానే ఉంటాడు, అందులో మనుసులున్నారని నాకు నమ్మకం నేదమ్మా," అంది. నా భుజం తడిమి చూసింది.

విస్తట్లో చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ, అక్కడి సముద్రపు ఒడ్డు పల్లె రామయ్యపట్నం నుంచి వచ్చిన ఎండు నెత్తళ్ళ వేపుడు, నలిపిన వడియాలు. మా ఇంట్లో చద్దన్నం ఎవరూ చూడకుండా తినే తిండి. ఇక్కడ చుట్టాలకు పెడతారు. పఖాళ అనే పేరు పెట్టి గౌరవించారు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

తింటూ ఉండగా గమనించాను. ఆవిడ కొడుకుతో తెలుగులో అంటోంది. కొడుకు ఒడియాలో జవాబిస్తున్నాడు. "నెత్తళ్ళు ఎయ్యనా?" అంటే ఒడియాలో చాలంటాడు. "కొట్టుకి ఎప్పుడెల్తావు?" అంటే ఒడియాలో సాయంత్రమంటాడు. ఇద్దరిలో ఎవరికీ ఇది వింతగా లేదు. ఒకే ఇంట్లో, ఒకే విస్తరి ముందు, ఒక్కొక్కరిదీ ఒక్కో భాష. ఎన్నాళ్ళుగా ఇలా నడుస్తోందో నేను అడగలేదు.

"మీ సంఘంలో ఏటి సేస్తారమ్మా?" అంది నాతో.

"మాట్లాడుకుంటామండి."

"తెలుగులోనేనా?"

"తెలుగులోనే."

ఆవిడ చెంబు పట్టుకుని కొడుకు వెనక నిలబడి ఉంది. "మా వోడు కూడా మాటాడతాడా?"

నేను ఢిల్లీ వైపు చూశాను. అతను అన్నం కలుపుతున్నాడు.

"నాను కూడా రావొచ్చేటి?" అంది. "ఏ మూలో కూకుంటాను. మీకు అడ్డం రాను. ఇనాలని ఉన్నాది, అంతే."

ఢిల్లీ ఒడియాలో ఒక మాట అన్నాడు. నాకు ఒడియా రాకపోయినా అది వద్దనే అని తెలిసింది. ఆవిడ మొహం ఏమీ మారలేదు. "అలగే," అంది. చెంబు కింద పెట్టబోయింది.

"అమ్మా," అన్నాడు ఢిల్లీ.

ఆవిడ చెంబుతో అలాగే ఆగింది. అతను కలిపిన ముద్ద వదిలేసి తల ఎత్తాడు. నోరు తెరిచాడు. నిన్న చూసినదే మళ్ళీ చూశాను, మెడ నరాలు, మూసుకున్న కళ్ళు, నేల మీద బిగిసిన అరచెయ్యి. ఆవిడ పెదవులు కదిలాయి. చిన్నప్పుడు అతని మాటలు పూర్తిచేసిన పెదవులవి. నేను ఏమీ అనలేదు. అనవలసిన అవసరం రాలేదు. ఆవిడ చెంబును రెండు చేతుల్తో పట్టుకుని పెదవులు మూసుకుంది.

పెరట్లో కోడి ఒకటి గుమ్మం దాకా వచ్చి, మమ్మల్ని చూసి వెళ్ళిపోయింది.

"నువ్వు కూడా రా," అన్నాడు. "మూల ఒద్దు. ముందు కూకో."

సీతమ్మగారు కాసేపు కొడుకు నడినెత్తి చూస్తూ ఉండిపోయింది. చీర కొంగు తీసి మొహం ఒకసారి తుడుచుకుంది. తర్వాత అన్నం గిన్నె అందుకుంది.

"ఇంకొంచెం ఎయ్యనా?" అంది.

"ఒద్దు," అన్నాడు తెలుగులో. అది వెంటనే వచ్చింది.

ఆవిడ వినిపించుకోకుండా వేసింది.